ఓడలో మిరప విత్తనాలు

మిరప కల్లంలో కూర్చుని, రంగు పోయి తెల్లబారిన తాలుకాయలు ఏరేటప్పుడు పిల్లలు కళ్లు నలుపుకోకుండా చూడటం పున్నమ్మ పని. దానికి ఆమె దగ్గర ఒకటే ఉపాయం ఉండేది. కథ చెప్పేది. కథలో పడ్డ పిల్ల చెయ్యి కంటిదాకా పోదు.

ఆమెకు చదువు రాదు. చర్చిలో విన్నదాన్ని తన నోటితో మెత్తగా చేసి పెట్టేది. జలప్రళయం వస్తుందని నోవహు జంతువులన్నిటినీ ఓడ ఎక్కిస్తుంటే, ఆయన భార్య కొంగున మిరప విత్తనాలు మూట కట్టుకుందని చెప్పేది.

"ఎందుకు నాయనమ్మా?" మనవరాలు ఆరాధన ఎప్పుడూ అక్కడే అడిగేది.

"మరి నీళ్లు తీశాక ఏం నంజుకు తింటారే? ఆయనకి ఏనుగుల గొడవేగాని కూటి గొడవ పట్టిందా? మగోళ్లంతే."

కూలికొచ్చిన ఆడవాళ్లు నవ్వేవాళ్లు. పిల్లలు చేతులు ఆపకుండా నవ్వేవాళ్లు.

పోయినేడు ఆ కథ మధ్యలో ఆమె కొడుకు క్రీస్తుదాసు వచ్చాడు. పదో తరగతి దాకా చదివాడు. ఆదివారం సండే స్కూల్లో పిల్లలకు వాక్యాలు నేర్పుతాడు. కాయలు తొక్కిన టిక్కీ బస్తా మూతి కుడుతూ విన్నాడు.

"అమ్మా, గ్రంథంలో మిరపకాయలు లేవు. దేవుడి మాటకి నీ సొంతం కలపమాక. తెలియకపోతే ఊరుకో."

కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు, అందరి ముందూ. పున్నమ్మ తల ఎత్తలేదు. చేతిలో ఉన్న తాలుకాయను మంచికాయల్లో వేసింది. అది అతను చూశాడు.

ఆ వారమే గుంటూరు వెళ్లి బైబిలు కథల బొమ్మల పుస్తకం తెచ్చాడు. ఆరాధన అందుకోబోతే పైకి ఎత్తి పట్టుకున్నాడు.

"కారం చేతులు. బొమ్మలు పాడైపోతాయి. కల్లం అయిపోనీ."

పుస్తకం పెట్టెలో చీరల మధ్యకు వెళ్లింది. కల్లం అయ్యాక ఎండలు. తర్వాత పత్తి గింజలు పెట్టడం, కలుపు. పుస్తకం బయటికొచ్చింది క్రిస్మస్‌కే.

క్రీస్తుదాసు శ్రద్ధగా చదివి వినిపించాడు. ఆరాధన చివరిదాకా విని, ఓడ బొమ్మ మీద కళ్లతోనే వెతికింది.

"నోవహు వాళ్లావిడేది నాన్నా?"

చూపించాడు. వెనక నిలబడి ఉంది. చేతులు ఖాళీ. ఆరాధన కాసేపు చూసి పుస్తకం మూసి తండ్రి ఒళ్లో పెట్టింది. మళ్లీ అడగలేదు.

ఈ ఏడు కల్లంలో మాటల్లేవు. పిల్లలు ఊరికే కళ్లు నలుపుకుంటున్నారు. క్రీస్తుదాసు వచ్చి తల్లి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఆ ఓడ కథ చెప్పు."

"నువ్వే చెప్పు నాయనా. చదువుకున్నోడివి."

"నీలాగా నాకు రాదు. విత్తనాలు ఉంటే ఉండనీ."

పున్నమ్మ కాయలు ఏరుతూనే అంది. 

"నువ్వన్నది నిజమేరా. ఇన్నాళ్లూ దేవుడి మాటలో తాలు కలిపానేమోనని భయమేసింది. పిల్లలకి తప్పు చెబితే ఆయన నన్నేగా అడుగుతాడు. ఇప్పుడు చెప్పబోతే, ఏది ఆయనదో ఏది నాదో తెలియట్లా. నోరు పడిపోద్ది."

క్రీస్తుదాసు కాయల కింద పరిచిన పట్టా అంచు సర్దాడు.

అవతల పక్కింటి మహిమ కళ్లు మండి ఏడుపు ముఖం పెట్టింది. ఇంకా బడికి వెళ్లని పిల్ల.

"అక్కా, కథ చెప్పవా?"

ఆరాధన నోరు తెరిచింది. తండ్రి ఉన్నాడని చూసింది.

"పుస్తకం చూసి చెప్పాలే. ఉత్త నోటితో చెప్పకూడదు."

"మరి తే పుస్తకం."

"కారం చేతులుగా."

"చెప్పమ్మా, నేనేం అనను," అన్నాడు క్రీస్తుదాసు.

ఆరాధన నాయనమ్మ వైపు చూసింది. పున్నమ్మ తల ఎత్తలేదు. పిల్ల కూడా తల దించుకుని కాయలు ఏరుకుంది.