ఎనిమిది గీతల గిన్నె

బొంగురోణ్ణి మట్టిలో పెట్టి నాలుగు రోజులైంది. ఐదో నాటి పొద్దున రొట్టెల బట్టీ కిటికీ దగ్గర వాడి గిన్నె రెండుసార్లు మోగింది. బట్టీ అక్క తల తిప్పలేదు. నాలుగు రోజులుగా ఆ మోత ఆమె చెవుల్లో ఆగిందెప్పుడు గనక! అంచు పగిలిన సత్తుగిన్నె అది. మిగతా పిల్లల గిన్నెలు ఖంగుమంటే అది గొంతు పోయినట్టు బొంగురుగా పలికేది. అందుకే వాడికి ఆ పేరు పెట్టింది తను.

"అత్తా, రొట్టె..."

చేతిలోంచి రొట్టెలు తీసే పార జారిపోయింది. కిటికీ బయట ముక్కు కారుతున్న ఐదేళ్ళ పిల్లాడు. చేతిలో అదే గిన్నె.

"ఇది నీకెవరిచ్చార్రా?"

"బడి పెద్దయ్యగారు. ఈ గిన్నెకి ఎనిమిది తేవాలంట."

లోపల మేకుతో గీసిన ఎనిమిది గీతలు. ఎన్ని గీతలుంటే అన్ని రొట్టెలు అడుక్కురావాలని చెప్పాడు పిల్లాడు. తగ్గితే బెత్తం. ఒకటి ఎక్కువొస్తే ఇంకో గీత. పిల్లల్ని అక్కడే ఉంచుకుని చదువు చెప్పే దేవుడి బడిలో లెక్కలు అలా నేర్పుతారు.

బొంగురోడు మొదట్లో ఐదే అడిగేవాడు. పాపం వాడు తింటాడులెమ్మని అక్క ఒకటి ఎక్కువ వేసింది. తర్వాత ఆరు అడిగాడు. ఆకలి బాగా వేస్తోందని మురిసిపోయి మరొకటి వేసింది. ఏడు అడిగినప్పుడూ అంతే. ఆ మూడు గీతలూ ఆమె జాలి గీసినవే.

"ఆ రోజు వానకి రొట్టెలు తక్కువొచ్చాయని బొంగురన్ననీ మా అన్ననీ బయటే నిలబెట్టారు. ఇప్పుడు మా అన్నకీ జ్వరం. బొంగురన్నని పెట్టిన గదిలోనే పెట్టి తాళం వేశారు. పిలిస్తే పలకట్లేదత్తా," అన్నాడు పిల్లాడు.

బొంగురోడు పోయినప్పుడు "దేవుడు పిలిచాడు" అన్నారు బడివాళ్ళు. వీధంతా తలూపింది. అక్క కూడా ఊపింది. ఆ తలను ఇప్పుడు గోడకేసి కొట్టుకోవాలనిపించింది ఆమెకు.

అరగంటలో బట్టీ వెనక పిండి బస్తాల మీద జనం చేరారు. బట్టీవాళ్ళు, పక్క లాండ్రీవాళ్ళు, చెప్పులు కుట్టే తాత.

"మతి పోయిందా మీకు? దేవుడి బడి మీదికి పోతారా? కళ్ళు పోతాయి!" అన్నాడు తాత.

"కళ్ళుండి ఏం చూశాం తాతా?" అంది లాండ్రీ వదిన. "పదేళ్ళుగా ఆ బడి బట్టలు ఉతుకుతున్నా. నెత్తుటి మరకని చన్నీళ్ళలో నానబెట్టాలని తెలుసు. ఎవరి నెత్తురని ఒక్కరోజైనా అడిగానా?"

తాత నేల చూపులు చూశాడు.

"రొట్టెలు ఆపేద్దాం," అన్నారు బట్టీవాళ్ళు.

"ఆపితే పిల్లల వీపులు పగులుతాయి."

"వేస్తే గీతలు పెరుగుతాయి. మరేం చేద్దాం?"

"ఇక్కడే కూర్చోబెట్టి తినిపిద్దాం," అంది అక్క. "ఖాళీ గిన్నెలు మనమే పట్టుకెళ్దాం. కొట్టేదేదో మనల్నే కొట్టమందాం. ముందు ఆ గది తలుపు తియ్యాలి. ఇవాళే, ఇప్పుడే."

"పని వదిలి పోతే మళ్ళీ రానక్కర్లేదు," అరిచాడు బట్టీ యజమాని.

"అయితే నువ్వే కాల్చుకో!" అని పనివాళ్ళు బట్టీలో నీళ్ళు కుమ్మరించారు.

భిక్షకి వీధిలోకి వచ్చిన పదకొండు మంది పిల్లల్నీ బల్ల మీద కూర్చోబెట్టి, అప్పటికే కాల్చిన రొట్టెలు పెట్టారు. వాళ్ళు తినలేదు, రొట్టెలు చొక్కాల్లో దాచుకున్నారు. "తింటే గీత గీస్తారా?" అని అడిగాడు ఆ ఐదేళ్ళ చిన్నవాడు. వదిన ముఖం తిప్పుకుని ఏడ్చింది.

బడి గేటు దగ్గరికి వెళ్ళేసరికి నలభై మందయ్యారు. పెద్దయ్యగారు మడత నలగని తెల్లబట్టల్లో వచ్చి నిలబడ్డాడు.

"భిక్ష పిల్లలకి వినయం నేర్పుతుందమ్మా."

"మరి మీరెప్పుడు నేర్చుకుంటారయ్యా? లోపల జబ్బు పిల్లాడున్నాడు, తలుపు తియ్యండి," అంది అక్క.

"లోపల ఎవరూ లేరు."

"అదే గది!" చిన్నవాడు మూల కిటికీ చూపించాడు.

బడివాళ్ళు పిలిస్తే పోలీసులు రానే వచ్చారు. పిల్లాడి కోసం మాత్రం కాదు. "పిల్లల్ని ఎత్తుకుపోతున్నావట," అంటూ అక్కని వ్యానులోకి తోశారు.

వ్యానులో ఆమెకు మళ్ళీ ఆ బొంగురు మోత వినిపించింది. తన చెవుల్లోని మోతే అనుకుంది. వ్యాను కిటికీ ఇనప జాలీలోంచి చూస్తే తాత! పగిలిన గిన్నెతో గేటు మీద కొడుతున్నాడు. రెండు దెబ్బలు. ఆగి మళ్ళీ రెండు. వదిన ఇంకో గిన్నె అందుకుంది. పదకొండు గిన్నెలూ మోగాయి. వీధి మోగిపోయింది.

తాత చెయ్యెత్తాడు. అందరూ ఆగారు.

మూల గది లోపల్నించి ఎవరో తలుపు మీద కొట్టారు. నీరసంగా, రెండే దెబ్బలు.

పెద్దయ్యగారు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"బతికే ఉన్నాడు!" వ్యాను కదులుతుంటే అక్క గొంతు చించుకుంది. "నా సంగతి తర్వాత, తలుపు తియ్యండి తాతా!"

తాత గిన్నె కింద పెట్టి, చెప్పులు కుట్టే సంచిలోంచి సుత్తి తీసి గేటు తాళం మీదికి ఎత్తాడు.