కట్ట కింది ఊట

గుట్టల అడవి నడుమ నదికి అడ్డంగా పోసిన మట్టికట్ట అది. మట్టికట్ట అన్నాక ఎంతో కొంత ఊరుతుంది. ఊరడం తప్పు కాదు, ఊట పెరిగితేనే భయం. ఊరిన నీళ్లన్నీ కట్ట అడుగున ఒక కాలువలో చేరి, ఇనుప రేకుకు కోసిన నోటి గుండా పడతాయి. పక్కన స్కేలు. ఎన్ని సెంటీమీటర్లో రోజూ చూసి రాయాలి. బోధన్ నుంచి కొత్తగా వచ్చిన వర్క్ ఇన్‌స్పెక్టర్ సుకన్య పని అదే.

రిజిస్టరులో మూడేళ్లుగా నాలుగే. ప్రాజెక్టు నిండినా నాలుగే, అడుగంటినా నాలుగే. అనుమానం వచ్చి, ముళ్లకంపలు తప్పించుకుంటూ కట్ట వెంబడి నడిచింది. రేకుకు రెండు వందల అడుగుల ఎగువన ఒక పిల్లకాలువ నీళ్లను వరి పొలంలోకి తిప్పుతోంది. ఒడ్డు మీద ఆ పొలం రైతు భోజన్న కూర్చుని ఉన్నాడు.

"ఇది నువ్వే తీసినవా కాకా?"

"నేనే బిడ్డా. పెద్దకాలువ నీళ్లు నా ఎకరానికి ఎక్కయి. ఊకె పోయే ఊటే గదా."

"మునుపటి సారుకు తెల్వదా?"

"గాయినకు గింత దూరం నడిస్తె మోకాళ్లు నొస్తుండె. నీళ్లు తీస్కున్న గని, చూడకుంట నాలుగు రాయుమని నేనైతె అన్లె."

"నీళ్లు నీ పొలంలకు మళ్లితే కట్ట ఎంత కారుతుందో మాకెట్ల తెలుస్తది?"

భోజన్న వరి దిక్కు చూశాడు. "రిపేరు చేస్తె ఊట ఆగుతదా?"

"ఆగుతది."

"వరి పొట్ట మీదున్నది. ఇప్పుడు నీళ్లు ఆగితె పంట పోతది."

సుకన్య ఇంజినీరుకు ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన సరేనన్నాక భోజన్నతో అంది: "రోజూ ఏడింటికి పిల్లకాలువ మూసెయ్. ఎనిమిదింటికి నేను చూసినంక మళ్ల తీస్కో. ఊట పెరగకుంటె కోతల దాక కట్టను ఎవరూ ముట్టరు. పెరిగితె మాత్రం రిపేరు పని అప్పుడే మొదలైతది."

మూసి చూస్తే స్కేలు తొమ్మిది చూపింది. నాలుగు రోజులు తొమ్మిదే. అయిదో రోజు సుకన్య వచ్చేసరికి భోజన్న రేకు పక్కన కూర్చుని ఉన్నాడు.

"పది దాటింది," అన్నాడు.

వంగి చూసింది. పదిన్నర.

"పిల్లకాలువ జరంత తెర్సి పెడితె తొమ్మిదే కనవడుతుండె. తెరుద్దామనే పొద్దుగాల వచ్చిన." పిల్లకాలువ మూసింది మూసినట్టే ఉంది.

సుకన్య పదిన్నర రాసి ఇంజినీరుకు ఫోన్ కలిపింది. భోజన్న పార భుజాన వేసుకున్నాడు.

"ఇయ్యాల్టి నీళ్లయితె పెట్టుకుంట," అని పొలం దిక్కు నడిచాడు.