ఏథెన్స్‌లో మంచాల దిక్కు

చక్రపాణికి ఏళ్ల తరబడి ఒక సందేహం. పూజకి కూర్చుని సంకల్పం చెప్పేటప్పుడు, మనం ఉన్న చోటు శ్రీశైలానికి ఏ దిక్కున ఉందో చెప్పాలి కదా. మరి తానుండే, టెక్సస్‌లో డాలస్ పక్కనున్న కాపెల్ ఏ దిక్కున ఉన్నట్టు? భూమి గుండ్రం. తూర్పుగా వెళ్లినా చేరతాం, పడమరగా వెళ్లినా చేరతాం. గుళ్లో పూజారిగారిని అడిగితే, "మీరు చెప్పండి చాలు, ఆ దేవుడే వెతుక్కుంటాడు" అన్నారు. ఆ జవాబు అందరికీ నచ్చింది, చక్రపాణికి తప్ప. ఆ మాట వచ్చేచోట గొంతు తగ్గించి, నోట్లోనే నమిలి మింగేస్తున్నాడు.

ఇంత దిక్కుల పిచ్చి ఉన్నవాడికి అప్పజెప్పకూడని పని ఏదైనా ఉంటే అది గదులు చూడటం. సరిగ్గా అదే అప్పజెప్పారు. 2012లో విష్ణు సహస్రనామ పారాయణ మహాసభ ఏథెన్స్‌లో పెట్టారు. ఇండియా వాళ్లకీ అమెరికా వాళ్లకీ మధ్యలో ఉంటుందని ఎవరో లెక్కగట్టారు. డాలస్ బృందం తొమ్మిది జంటలు, అంటే తొమ్మిది గదులు.

మార్చిలో భార్య ఉషతో కలిసి రోమ్, ఏథెన్స్ చూసొచ్చాడు. చూసొచ్చాడనడం మర్యాదకే. రోమ్‌లో పాతకాలపు గుడి గుమ్మటంలోని గుండ్రటి కన్నంలోంచి ఎండ స్తంభంలా దిగుతుంటే ఉష నోరు తెరిచి చూసింది. చక్రపాణి ఆ ఎండని బట్టి ఉత్తరం ఎటో తేల్చుకుంటున్నాడు. ఏథెన్స్‌లో, కొండమీది పాలరాతి గుడి కనపడే హోటల్లో, దిక్సూచి పట్టుకుని గదిగదికీ తిరిగాడు. బూట్లు విప్పి ప్రతి మంచం మీదా పడుకుని లేచాడు. తాళాలతో వెనకే తిరిగిన అమ్మాయి ఐదో గదిలో జాలిపడి, "సార్‌కి నడుం నొప్పా?" అని ఉషని అడిగింది.

"నడుం కాదమ్మా, తల," అంది ఉష.

నాలుగు గదుల్లో తల ఉత్తరానికి వస్తోంది. ఉత్తరానికి తల పెట్టరాదని వాళ్లమ్మ చెప్పింది, అమ్మమ్మ చెప్పింది. మంచాలేమో గోడకి బిగించేసి ఉన్నాయి.

"కాళ్లవైపు దిండు వేసుకుంటే సరిపోతుంది కదండీ!"

"పారాయణకొచ్చినవాళ్లని తలకిందులుగా పడుకోమంటామా?"

ఏప్రిల్ పదిహేను దాకా గదులు పట్టి ఉంచుతామని హోటల్‌వాళ్లు చెప్పారు. కాపెల్ తిరిగొచ్చి, మంచాలు ఎటున్నాయో చూపించే ఫోటోలు పంపమని మెయిల్ మీద మెయిల్ రాస్తుండగానే ఆ పదిహేను దాటిపోయింది. పదహారున జవాబొచ్చింది: ఎనిమిదే మిగిలాయి. ఊళ్లో మరెక్కడా ఖాళీ లేదు. దిక్కుల ఊసెత్తకుండా ఆ ఎనిమిదీ బుక్ చేశాడు.

ఆదివారం పారాయణ అయ్యాక బృందం పెద్ద రాధాకృష్ణ తేల్చేశాడు. "చివర్లో పేరిచ్చింది బెంటన్‌విల్ వాళ్లు. వాళ్లని డ్రాప్ చేయండి, నెక్స్ట్ ఇయర్ చూద్దాం." అందరూ తలూపారు.

బెంటన్‌విల్ వాళ్లంటే పక్క రాష్ట్రం ఆర్కన్సా నుంచి బృందంలో చేరిన వెంకటస్వామి, కోటమ్మ. 2001లో చక్రపాణి ఆ ఊళ్లో కాంట్రాక్ట్ ఉద్యోగం పోయి, అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, సూట్‌కేస్‌తో కార్లో కూర్చుని ఉంటే, కూరగాయల కొట్లో రెండుసార్లు పలకరించిన పరిచయంతో ఇంటికి తీసుకెళ్లారు. తమ మంచం ఇచ్చి, తాము హాల్లో కార్పెట్ మీద పడుకున్నారు. పంతొమ్మిది రాత్రులు. ఆ తర్వాత కాపెల్ రమ్మని ఎన్నిసార్లు పిలిచినా వాళ్లకి కుదరలేదు. ఆ పంతొమ్మిది రాత్రులూ తన తల ఏ దిక్కున ఉందో చక్రపాణికి ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి ఫోన్ చేశాడు.

"రూములు తగ్గాయటగా అబ్బాయ్. మేం మానేస్తాంలే. మీ పిన్నికి మోకాళ్ల నొప్పులు కూడానూ," అన్నాడు వెంకటస్వామి.

"నా మోకాళ్ల మీద పెట్టకండి!" వెనకనుంచి కోటమ్మ అరిచింది. "నేను సంచి కూడా సర్దేశాను!"

"మీకు రూమ్ ఉంది బాబాయ్. కొండ కనపడేది," అన్నాడు చక్రపాణి.

ఫోన్ పెట్టేసరికి ఉష చేతిలో గరిటెతో నిలబడి ఉంది. "కొండ కనపడేది మనది కదూ? మరి మనమెక్కడ?"

"సభ జరిగే స్కూల్లో వాలంటీర్లకి మడత మంచాలు వేస్తారట."

"రూములు చూడటానికి సముద్రం దాటి వెళ్లొచ్చి, చివరికి మడత మంచమా!" అంది. పొయ్యి దగ్గరికి వెళ్లి, కాసేపటికి అక్కణ్నుంచే చెప్పింది. "పిన్నిగారికి చెప్పండి, ఆ కిటికీ తెర బిగుసుకుపోతుంది. కిందనుంచి లాగాలి."

సెప్టెంబర్‌లో ఏథెన్స్ చేరారు. మొదటి రోజు పొద్దున, స్కూల్లో మడత మంచం మీద దొర్లి లేచిన చక్రపాణి నడుం పట్టుకుని, పారాయణకి అందరినీ పిలవడానికి హోటల్‌కి వెళ్లాడు. వెంకటస్వామి గది తలుపు కొట్టబోయి ఆగాడు. లోపలనుంచి ఇద్దరి గురకా వినపడుతోంది, ఒకరి తర్వాత ఒకరిది, వంతులేసుకున్నట్టు. పారాయణకి ఇంకా అరగంట ఉంది. చక్రపాణి చెయ్యి దించి, చెప్పులు చప్పుడు కాకుండా మెట్లు దిగాడు. పదకొండేళ్ల మంచం బాకీ తీరింది.