అబద్ధం మోయని లిఫ్ట్

ఆ ఆరంతస్తుల బిల్డింగ్‌లో లిఫ్టుకి ఒకటే పట్టింపు. అబద్ధం ఆడి ఎక్కితే కదలదు, బరువెక్కువైందని గీపెడుతుంది. నిజం చెప్పేస్తే మళ్ళీ మామూలే. ఒంట్లో బాలేదని సెలవు పెట్టి సినిమాకెళ్ళొచ్చిన రోజు మూడో అంతస్తు బ్యాంకాయన మారుమాట్లాడకుండా మెట్లెక్కుతాడు. అందరికీ అలవాటే.

ఆరో అంతస్తులో సన్నజాజి ఉంటుంది. వీడియోల కోసం ఆవిడకావిడే పెట్టుకున్న పేరది. ఒకప్పుడు గుమ్మంలో నిలబడితే గాలి కూడా లోపలికి దూరేది కాదు. వీడియోల్లో మందు అమ్మడం మొదలెట్టిన ఏడాదికల్లా పుల్లయింది. "నేనూ ఇదే వేసుకున్నా!" అంటూ ఒళ్ళు తగ్గించే పెప్టైడ్ సూదిమందు సీసా బుగ్గకి ఆనించి నవ్వేది. లక్షలమంది నమ్మారు. గొర్రె కసాయివాణ్ణే కదా నమ్మేది! ఎవరు తయారు చేశారు, ఎవరు పరీక్షించారు అని అడిగినవాళ్ళని బ్లాక్ చేసేది. మందు పెట్టెలు మాత్రం రోజూ మెట్ల మీదే మోసుకొచ్చేది.

నమ్మినవాళ్ళలో సొంత అక్క కూతురూ ఉంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. జుట్టంతా దువ్వెనకొచ్చేసింది, తిన్నది కడుపులో నిలవదు. పక్క వాటాలో అక్క కుట్టుమిషన్ మీద దాని బట్టలు రోజూ బిగించలేక ఏడ్చేది.

"ఆపించవే, పిల్ల చచ్చిపోతుందే!"

"నీకేం తెలీదు, ఊరుకో అక్కా. అలవాటు పడేదాకా అంతే."

ఒకరోజు ఆ మందు వ్యాపారానికి పెట్టుబడి పెట్టేవాడు దిగాడు. "ఆరోగ్యమే మా ధ్యేయం" అని ఫోన్‌లో ఎవరికో చెప్తూ వచ్చాడు కాబట్టి మెట్లెక్కి రొప్పాడు. పిల్లని సంతలో దూడని చూసినట్టు చూసి, "ఈ అమ్మాయే మన బ్రాండ్. పదండి, మా వాళ్ళకి చూపిద్దాం" అన్నాడు. ఇంక మెట్లు తన వల్ల కాదంటూ ఇద్దర్నీ లిఫ్టులోకి లాగాడు. సన్నజాజి చేతిలో లైవ్ నడుస్తోంది. కాదనలేకపోయింది.

లిఫ్ట్ గీపెట్టింది.

ఎముకల గూడులా ఉన్న పిల్ల తల దించుకుంది. "నా వల్లే. నేను దిగిపోతా." దిగుతూనే లిఫ్ట్ గుమ్మంలో కూలబడింది.

పెట్టుబడాయన కారెక్కడుందో గుర్తొచ్చినట్టు మెట్లవైపు జారుకున్నాడు. అక్క పరుగెత్తుకొచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్దామని పిల్లని లోపలికి లాగి మీట నొక్కింది. మళ్ళీ గీ.

"పొద్దున ఏం తినలేదంతే అక్కా..."

లిఫ్ట్ ఇంకా గట్టిగా అరిచింది.

"నువ్వు దిగవే, పాపిష్టిదానా!"

సన్నజాజి దిగబోయింది. పిల్ల పిన్ని చెయ్యి పట్టుకుని ఉంది, వదలదు. ఆ వేళ్ళు చల్లబడుతున్నాయి.

"నేనెప్పుడూ వేసుకోలేదే!" సన్నజాజి బావురుమంది. "ఒక్క సూదీ వేసుకోలేదు, భయమేసి! ఈ లిఫ్ట్ నన్ను మొయ్యనంటే మెట్లెక్కీ దిగీ తగ్గానే!"

లైవ్‌లో లక్షలమంది విన్నారు. లిఫ్ట్ నోరు మూసుకుని కదిలింది.

మూడో అంతస్తు దగ్గర పిల్ల కళ్ళు తెరిచింది. "నా బరువుకేనా పిన్నీ, ఆగిపోయింది?"

"నీది కాదే తల్లీ," అంది సన్నజాజి. "నాది."