పోపు లేని కూర

నేను ఒక పచ్చడిబండను. నల్లరాతి ఒళ్ళు, అరచేతిలో ఇమిడే నడుము. ఒకచోట కుదురుగా పడుండమంటే నావల్ల కాదు. దంచడానికి పుట్టినదాన్ని, దంచకపోతే ఒళ్ళంతా దురదే.

రాళ్ళు కొట్టేవాళ్ళు నన్ను ఉలితో చెక్కి, రోలుతో జతకట్టి తీర్థం సంతలో అమ్మకానికి పెడితే, అంబాజీపేట మంగాయమ్మ గీచిగీచి బేరమాడి కొనుక్కుంది. ఏళ్ళ తరబడి ఆవిడ చేతిలో గోంగూరతో, మామిడికాయతో, కొబ్బరిముక్కలతో తీరిక లేకుండా బతికాను. తర్వాత మిక్సీ వచ్చింది. దాని గొంతు విన్నారా? పని గోరంత, అరుపు కొండంత. నన్నూ రోలునీ మెట్లకింద పడేశారు. పళ్ళు లేవుగానీ, ఉంటే అక్కడే కొరుక్కుని అరగదీసుకునేదాన్ని.

నన్ను బయటికి లాగింది ఆవిడ మనవరాలు యామిని. ఇంటరు అయింది. విశాఖ వెళ్ళి వంటల చదువు చదువుతానంటుంది. తండ్రి సూరిబాబు కొబ్బరికాయల వ్యాపారి. కోపమొస్తే కాయ పగలగొట్టినట్టే మాట్లాడతాడు.

"పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండన్నాడట నీలాంటోడే! గరిటె తిప్పడానికి కాలేజీ ఏంటే?" అని ఎగిరాడు.

పిల్ల అన్నం మానేసింది. తల్లి పద్మావతి వెళ్ళి అత్తగారి దగ్గర ఏడ్చింది. ఆవిడ మాట మాత్రం ఎవడు వింటున్నాడు గనక? రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. చూశారా, ఈ మనుషులకి సామెతలకి మేం కావాలి, పనికి మాత్రం అక్కర్లేదు.

చివరికి సూరిబాబే ఒక మెట్టు దిగాడు. "సరే, ఆదివారం నువ్వు నేర్చుకున్నదేదో వండు. నేను మారు అడిగితే చేర్పిస్తా. అడక్కపోతే నోరు మూసుకుని డిగ్రీలో చేరాలి."

ఇంతకీ ఏం వండిందో తెలుసా? థాయ్‌లాండు వాళ్ళ పచ్చకూర, గ్రీన్ కర్రీ అంటారట! ఫోనులో చూసి నేర్చుకుంది. మిక్సీలో వేస్తే ముద్ద నీళ్ళోడుతుందట, రాతిలోనే దంచాలట. ఆ మాట చెప్పిన మనిషి ఎవరోగానీ చల్లగా ఉండాలి. పచ్చిమిర్చి, వెల్లుల్లి, అల్లం, కొత్తిమీర కాడలు, పెరట్లోని నిమ్మగడ్డి రోట్లో పడ్డాయి. వాళ్ళ నిమ్మాకు ఇక్కడ దొరకదని దబ్బాకు వేసింది, వాళ్ళ రొయ్యల ముద్దకి బదులు మన ఎండురొయ్యలు. అన్నీ తెలిసిన మొహాలే, కలయికే కొత్త. ఇదేం ఘాటురా నాయనా అనుకుంటూనే ఎగిరెగిరి దంచాను. పిల్ల మాటిమాటికీ ముద్ద వేళ్ళతో నలిపి చూస్తోంది. నాకూ ఒకటే కంగారు, ముద్ద మెదక్కపోతే ఆ పాపం నాదే కదా.

చిక్కటి కొబ్బరిపాలు మరిగించి, అందులో ఆ ముద్ద వేయించి, రొయ్యలు, వంకాయముక్కలు వేసింది. చిన్న బెల్లంముక్క వేసి, దించాక నిమ్మకాయ పిండి, స్నానానికి పరిగెత్తింది.

అంతే, మంగాయమ్మ వంటింట్లోకి వచ్చింది. కాస్త నాలిక్కి రాసుకుంది. "అయ్యో నా తల్లే, పోపే మర్చిపోయింది! వాడు ఇది నోట పెడతాడా? పిల్ల కొంప మునిగిపోదూ!" అని కొడుకు వాటా వేరే గిన్నెలోకి తీసి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో చుయ్యిమనిపించింది. వద్దు వద్దని నేను గోల పెట్టాను. రాతి గోల ఎవరికి వినబడుతుంది!

మంగాయమ్మే ఆ గిన్నెలోంచి వడ్డిస్తే, సూరిబాబు మొదటి ముద్ద అనుమానంగా పెట్టుకున్నాడు. రెండోది గబగబా మింగాడు. "బావుందే! మారు వెయ్యి" అని కంచం ముందుకు తోశాడు. పద్మావతి మొహం విప్పారింది. గరిటె అందుకున్న యామినికి గిన్నెలో తేలుతున్న ఆవాలు కనబడ్డాయి. మామ్మవైపు చూసింది. మామ్మ కన్నుగీటింది. వాళ్ళమ్మ ఊరుకోమని తల ఊపింది. ఊరుకో తల్లీ, గెలిచావు, ఊరుకో అని గట్టుమీద నేనూ గింజుకున్నాను.

"నాన్నా, ఇది నా కూర కాదు. మామ్మ పోపు పెట్టేసింది. నేను వండింది పొయ్యి దగ్గరుంది" అని, అదే తెచ్చి వడ్డించింది.

సూరిబాబు తిన్నాడు. మొహం చిట్లించాడు. కంచంలోది పూర్తిచేశాడుగానీ మారు అడగలేదు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. దొర్లి వెళ్ళి ఆయన కాలిమీద పడదామన్నంత కసి పుట్టింది నాకు.

"నాకు నచ్చలేదమ్మా" అన్నాడు తువ్వాలుతో తుడుచుకుంటూ.

"తెలుసు నాన్నా." పిల్ల కంచం తీయడానికి వంగింది.

"కిక్కురుమనకుండా ఉంటే నీ పని జరిగిపోయేది కదే పిచ్చిమొహమా?"

"అది నేను వండింది కాదు కదా నాన్నా."

సూరిబాబు తువ్వాలు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. "నాలుక నాది, చదువు నీది" అన్నాడు చివరికి. "బట్టలు సర్దుకో. విశాఖ వెళ్దాం."

పద్మావతి కొంగుతో కళ్ళొత్తుకుంది. "అయితే నా పోపుకేం వచ్చిందిరా?" అని మంగాయమ్మ దెబ్బలాటకి దిగింది.

యామిని వచ్చి నన్ను కడిగింది. ఏడుస్తూనే కడిగింది, నవ్వుతూనే కడిగింది. రేపు ఈ పిల్ల వెళ్ళిపోతే నన్ను పట్టే చెయ్యి ఈ ఇంట్లో ఉండదు. దిగులు లేదంటే అబద్ధమే. అయినా నా బతుకులో దంచిన ముద్దలన్నిట్లోనూ, ఎవరూ మారు అడగని ఆ ముద్దంటేనే నాకు గర్వం.