ఒక్కడి నెత్తురు, నలభై పేర్లు

మలేరియా వర్కరు హుస్సేన్ దొంగేమీ కాడు. పిరికివాడు, అంతే. జగిత్యాలలో కాపురం. పల్లెలు తిరిగి, జ్వరం వచ్చినవాళ్ల వేలు గుచ్చి, గాజు స్లైడు మీద నెత్తురు చుక్క తీసుకోవడం అతని పని. బీర్పూర్ అవతల అడవంచు గూడేనికి మాత్రం ఆ ఏడాది అడుగు పెట్టలేదు. దారిలో పోలీసులు సంచి గుంజి, "అన్నలకు మందులు మోస్తున్నవా బే?" అంటారు. లోపలికి పోతే అన్నలు, "పోలీసోళ్లకు ఏం జెప్తున్నవ్?" అంటారు. ఇద్దరి మధ్య ఎవడు చస్తాడు? అందుకని ఇంట్లో మంచం మీద కూర్చుని, గూడెం పాత రిజిస్టరు ముందేసుకుని, తన వేళ్లే గుచ్చుకున్నాడు. స్లైడ్లు నలభై, పేర్లు నలభై. కాకిలెక్కలు అందరూ రాసేవే, ఎవరి కొంప మునుగుతుందిలే అనుకున్నాడు.

ఎవరి కొంపో మరుసటి ఎండాకాలం మీటింగులో తెలిసింది. మలేరియా పథకం నడిచేది పరాయి దేశం డబ్బుతో. ఉన్న దోమల మందు ఎక్కువ జ్వరాలున్న ఊళ్లకే పోవాలంటారు. న్యాయమైన మాటే, కాదనేదేముంది? పెద్ద డాక్టరు కాగితం చూసి, "ఈ గూడెంల నలభై స్లైడ్లకు మలేరియా సున్నా. ఇక్కడ మందు కొట్టుడు బంద్. సిరిసిల్ల దిక్కు పంపుదాం. శనివారం లిస్టు పోతది" అన్నాడు.

 అప్పటి నుంచి ఆ నలభై పేర్లు హుస్సేన్‌ను వదల్లేదు. నమాజులో పేర్లు, నోట్లో ముద్ద పెట్టుకుంటే పేర్లు. వేళ్ల కొసలు సలుపుతుంటాయి, చూస్తే గాయం ఉండదు. నిద్రలో ఎవరినో పిలుస్తున్నావని భార్య వహీదాబీ అంటుంది.

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కాడు. రేపటిలోగా నిజం నెత్తురు తెస్తే లిస్టు మారుతుంది. గూడెంలో మొదటి ఇంటి ముందు చంద్రవ్వ విస్తరాకులు కుడుతోంది.

"జ్వరాలున్నయా అక్కా?"

ఆమె అతని సంచి వైపు చూసింది.

"మల్ల అచ్చినవా సారు? మా పెద్ద బిడ్డ బాలలక్ష్మి నెత్తురు తీసినవంట గద. వానల్ల దానికి చలిజ్వరమస్తే దవాఖానకు మోస్కపోయినం. వాళ్లు కాయితం సూసిండ్రు. దీని నెత్తురు ఎప్పుడో సూసినం, మలేరియా కాదన్నరు. గోలీలు ఇయ్యలే. మూడొద్దులకు పానం పోయింది." విస్తరాకు పక్కన పెట్టి అడిగింది. "నువ్వెప్పుడచ్చినవ్ సారు? అది నాకు జెప్పనే లేదు."

హుస్సేన్ సంచి కింద పెట్టాడు.

"నేను రాలే అక్కా. భయమైంది. గది నా నెత్తురు."

చెప్పేసి మట్టిలోనే కూర్చున్నాడు. తిడుతుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

చంద్రవ్వ లేచి లోపలికి వెళ్లింది. దుప్పటి కప్పిన చిన్న కూతుర్ని ఎత్తుకొచ్చి అతని ముందు కూర్చోబెట్టింది. పిల్ల గజగజ వణుకుతోంది. తల్లి ఆ చిన్న చెయ్యి పట్టి, వేలు చాపి, అతని ముఖంలోకి చూసింది.

"నా కండ్ల ముంగట గుచ్చు" అంది.