తల్లి తోలు పది రోజులు

వలలకు రంగు పట్టించడానికి చెట్టు బెరడు ఉడికిస్తుంటే కాగు ఒరిగి గంగులు కాళ్ళ మీద పడింది. భావనపాడు నుంచి పెద్దాసుపత్రికి చేరేసరికి మోకాళ్ళ కింద తోలన్నది లేదు. తల్లి మరిడమ్మ తొడ మీది తోలు పలచగా తీసి డాక్టరు కొడుక్కి అతికాడు. అంటుకుంది. వార్డులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది మరిడమ్మ. పదో రోజున అది నల్లబడింది. పన్నెండో రోజున కట్టుతో పాటు ఊడొచ్చింది.

చూడ్డానికొచ్చిన ఆడబిడ్డ లక్ష్మణమ్మ వరండాలోనే మొదలెట్టింది.

"మొగుడు సముద్రం మీదుండగా ఏ తప్పు సేసినావో, మా తమ్ముడు తిరిగి రానేదు. ఇప్పుడు నీ తోలు నీ కొడుకు మీదే నిలవనేదు. ఇంకేటి సాచ్చికం కావాలే మరిడీ?"

పదిహేనేళ్ళుగా ఊరు గొణుగుతున్న మాటే. తప్పు చేయలేదని మరిడమ్మకు తెలుసు. కానీ ఇప్పుడు తన ఒళ్ళే తనకు ఎదురు తిరిగిందే! ఆ పూట నుంచి కొడుక్కి తన చేత్తో గంజి పట్టడం మానేసింది. గిన్నె ఆయాకిచ్చి గుమ్మం బయటే కూర్చునేది.

"ఈసారి వాడి తోలే తీసి వేస్తాం" అన్నాడు డాక్టరు నరసింగరావు.

"వొద్దు బాబూ. ఆడు నా కడుపున పుట్టినోడే గదా. అదీ రాలిపోద్ది. ఇంటికి తీసుకుపోతాను."

డాక్టరు గుమ్మం దగ్గరికొచ్చాడు. "నీలో సగమే వాడికొచ్చిందమ్మా. మిగతా సగాన్ని వాడి ఒళ్ళు ఎరగదు. రక్తంలో కావలి కణాలుంటాయి. తమది కానిదాన్ని, తల్లిదైనా సరే, తరిమేస్తాయి. వాడి తోలు వాడికి పరాయిది కాదు. తీసిన చోట అడుగున తోలు పుట్టించే కణాలు మిగులుతాయి, మళ్ళీ వస్తుంది."

మరిడమ్మకు కిందటేడు వల గుర్తొచ్చింది. నూలు వల చిరిగితే కొత్తగా వచ్చిన నైలాను దారంతో అతుకేసింది. గట్టి దారమే. మొదటి లాగుకే చుట్టూ ఉన్న నూలును కోసేసింది.

"నాది రాలిపోద్దని నీకు ముందే తెలుసా?"

"తెలుసు. వాడి ఒంట్లో ఓపిక వచ్చేదాకా పుండు మీద కప్పు అది. అది లేకపోతే బతికేవాడు కాదు."

"మరి నాకు సెప్పనేదేటి?"

తోలు తీసేటప్పుడు అడిగారు, వేలిముద్ర వేయించుకున్నారు. చేపలమ్ముకునే మనిషికి ఆపై చెప్పడమెందుకనుకున్నారు, అంతే.

మరిడమ్మ మళ్ళీ వేలిముద్ర వేసింది. గంగులు సొంత తోలు నిలిచింది. నెలకు గులాబీ రంగు తిరిగింది. తల్లి చేత్తో పట్టిన గంజి తాగుతూ వాడడిగాడు, "ఇన్నాళ్ళూ లోపలికి రానేదేటమ్మా?"

"నోరుమూసుకుని తాగెహె."

ఆసుపత్రి వదిలే రోజున పక్క మంచం దగ్గర కోటబొమ్మాళి నుంచి వచ్చిన తాతమ్మ అనే ఆవిడ తొడకు కట్టుతో కూర్చునుంది. ఆవిడ కూతురి వీపు కాలింది. మరిడమ్మ మూట దించి ఆమె పక్కన చతికిలబడింది.

"ఇను, ఈళ్ళు నీకు సెప్పరు. అది పది రోజులకి రాలిపోద్ది. రాలినా తప్పు నీది గాదు. పిల్లని ముట్టుకోవడం మానీకు."